పెట్రోలు మరక ఏ పొరలో ఉందో చూశాకే గుడ్డ పట్టండి

బండి ట్యాంకు మూత అంచు నుంచి సీటు వైపుకో, పక్కకో జారి ఎండిపోయిన చార మన గోదావరి డెల్టా వైపు చాలా బళ్ళ మీద కనిపిస్తుంది. తెల్ల ట్యాంకు మీద అయితే లేత పసుపుగా, నల్ల ట్యాంకు మీద అయితే మబ్బు పట్టినట్టుగా ఉంటుంది. అమలాపురంలో అడిగినా పాలకొల్లులో అడిగినా దొరికే సలహాలు అవే. ఒకరు కిరోసిన్ అంటారు, ఒకరు థిన్నర్ అంటారు, ఇంకొకరు టూత్‌పేస్టు అంటారు, మరొకరు రబ్బింగ్ కాంపౌండ్ (రంగు పైపొరని అరగదీసే గరుకు పేస్టు) పెట్టి గట్టిగా రుద్దమంటారు. ఈ నాలుగూ ఎక్కడో ఒక బండి మీద పనిచేసినవే. ఇంకో బండి మీద రంగు ఊడగొట్టినవీ ఇవే. కారణం ఏమిటంటే, పెట్రోలు మరకలన్నీ ఒక రకం కాదు, వాటి కింద ఉన్న రంగులూ ఒక రకం కాదు. ఈ రెండూ తేల్చుకోకుండా రుద్దడం మొదలుపెట్టడం వల్ల పాడైన ట్యాంకులే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ముందు పెట్రోలు సంగతి చూద్దాం. అది వందల రకాల హైడ్రోకార్బన్లు కలిసిన మిశ్రమం. వాటిలో తేలికైనవి 30, 40 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతాయి. బరువైనవి మరగాలంటే 200 డిగ్రీల దాకా వేడి కావాలి. అందుకే ఒలికిన పెట్రోలు చూస్తుండగానే ఆరిపోయినట్టు ఉంటుంది గానీ మొత్తం పోదు. బరువైన భాగం కొంత, గుర్తింపు కోసం కలిపిన రంగు, ఇంజన్లో మసి పట్టకుండా కలిపే రసాయనాలు పల్చటి పొరలా మిగిలిపోతాయి. గాలి, ఎండ తగిలి ఆ పొర జిగురుగా మారుతుంది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ అదే చోట నాలుగు చుక్కలు పడితే, జిగురు మీద జిగురు పేరుకుంటుంది.

బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మనకుంది. నాజిల్ మూతి శుభ్రంగా తుడిచి కాగితం మీద ఒక చుక్క వేస్తారు. మంచి పెట్రోలయితే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. లేత గులాబీ ఛాయ మిగిలితే అది కలిపిన రంగే, దాన్ని కల్తీగా లెక్కించరు. నూనె పడ్డట్టు జిడ్డు వలయం మిగిలితే మాత్రం అనుమానించాలి. కిరోసిన్ లాంటిది 150 డిగ్రీలు దాటితే గానీ మరగదు కాబట్టి కాగితం మీద మిగిలినట్టే ట్యాంకు మీదా మిగులుతుంది. లంకల్లోనూ, బంకుకి దూరంగా ఉన్న ఊళ్ళలోనూ బడ్డీ కొట్టు దగ్గర నీళ్ళ సీసాలో అమ్మే పెట్రోలు వాడేవాళ్ళ ట్యాంకుల మీద మరకలు ఎక్కువగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. గరాటు లేకుండా సీసా వంచితే సగం సార్లు మూత చుట్టూ ఒలుకుతుంది, పైగా ఆ సీసాలో అంతకుముందు ఏముందో ఎవరికీ తెలియదు. విడి పెట్రోలు అలా అమ్మడం ఎలాగూ నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం కూడా.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా మామూలు పెట్రోలుగా మారింది. ఇథనాల్ కూడా ఒక ద్రావకమే. పెట్రోలులోని మిగతా భాగాలతో కలిసినప్పుడు కొన్ని రకాల రంగులను మెత్తబరిచే శక్తి పెరుగుతుంది. కంపెనీ రంగు తట్టుకుంటుంది. సందులో షెడ్డులో వేయించిన చవక రంగు తట్టుకోకపోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది, కాబట్టి కాస్త నెమ్మదిగా చూడాలి.

కంపెనీ నుంచి వచ్చిన ట్యాంకు మీద మామూలుగా మూడు పొరలుంటాయి. రేకుని పట్టుకుని ఉండే ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకంగా మెరిసే క్లియర్ కోటు. చాలా బళ్ళకి స్టిక్కర్లు కూడా ఈ క్లియర్ కోటు కిందే ఉంటాయి. ఈ పొరల్ని ఓవెన్లో కాల్చి గట్టిపరుస్తారు. అణువులు ఒకదానికొకటి అల్లుకుపోతాయి కాబట్టి పెట్రోలు దాన్ని కరిగించలేదు, మహా అయితే లోపలికి కొంచెం ఇంకి ఉబ్బిస్తుంది. ఆ క్లియర్ కోటు మందం 40, 50 మైక్రాన్లు మాత్రమే, అంటే మన తల వెంట్రుక కన్నా పల్చన. కాంపౌండ్ పెట్టి రుద్దిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది, మళ్ళీ పెరగదు.

బయట వేసే రంగుల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. హార్డ్‌నర్ కలిపి కొట్టేది మొదటిది. పెయింటర్లు దీన్ని టూ-కె అనో పీయూ (పాలీయురేథేన్) అనో అంటారు. ఇది కలిపిన కాసేపటికే రసాయన చర్య మొదలై, కంపెనీ రంగుకి దగ్గరగా గట్టిపడుతుంది. రెండోది ఎన్‌సీ, అంటే నైట్రో సెల్యులోజ్ లాకర్. ఇందులో రసాయన చర్య ఏమీ ఉండదు, థిన్నర్ ఆరిపోతే రంగు మిగులుతుంది, అంతే. ఆరిపోయిన లాకర్‌ని థిన్నర్ మళ్ళీ కరిగించేస్తుంది, పెట్రోలు మెత్తబరుస్తుంది. మామూలు స్ప్రే డబ్బాల రంగులు కూడా చాలావరకు ఇలా ద్రావకం ఆరి మిగిలేవే. ఎన్‌సీ తొందరగా ఆరుతుంది, చవక, మెరుపు బాగా వస్తుంది. కాబట్టే చిన్న షెడ్డుల్లో ఇంకా నడుస్తోంది. కానీ పెట్రోలు ట్యాంకుకి అది తగిన రంగు కాదు. మడ్‌గార్డుకి వేసుకోండి, పక్క ప్యానెళ్ళకి వేసుకోండి, ట్యాంకుకి వద్దు.

మన డెల్టా గాలి ఎన్‌సీ రంగుకి ఇంకో రకంగా శత్రువు. వర్షాకాలంలో కోనసీమ గాలిలో ఉండే తేమకి, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, తడి రంగు మీద నీరు చేరి తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. దీన్ని కొందరు పెట్రోలు మరక అనుకుంటారు. రంగు వేసిన రోజు నుంచే, మూత పక్కనే కాకుండా ట్యాంకంతా మబ్బుగా ఉంటే అది పెట్రోలు పని కాదు, వాన రోజున కొట్టిన స్ప్రే పని.

మీ ట్యాంకుది ఏ జాతి రంగో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటుంది. ట్యాంకు కింది భాగంలో, సీటు కింద దాగి ఉండే మూలలో, తెల్ల నూలు గుడ్డ కొసకి ఒక్క చుక్క ఎన్‌సీ థిన్నర్ తగిలించి మెల్లగా అద్దండి. రుద్దొద్దు. రంగు జిగురుగా మారినా, గుడ్డకి అంటినా అది లాకరే. గుడ్డ తెల్లగానే ఉండి, పైపొర గట్టిగా ఉంటే హార్డ్‌నర్ రంగో కంపెనీ రంగో అనుకోవచ్చు. రావులపాలెంలో పాతకాలం పెయింటర్ ఒకాయన ఈ పరీక్ష చేసి చూపిస్తూ, గుడ్డకి ఎర్రగా అంటగానే, "ఆయ్, ఇంక దీన్ని ముట్టుకోకండి బాబూ, ఇక్కడొచ్చేది మరక కాదండి, రంగే" అన్నారు. ఆ ట్యాంకు మూత చుట్టూ అంతకుముందెవరో కిరోసిన్‌తో రుద్దిన గుండ్రటి గీతలు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తున్నాయి.

రంగు జాతి తేలాక మరక ఎక్కడుందో చూడాలి. ట్యాంకుని షాంపూ నీళ్ళతో కడిగి, ఆరాక, నీడలో పెట్టి టార్చి లైటుని ఏటవాలుగా వేయండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మరక మీద వేళ్ళు జరపండి. వట్టి వేలికి తెలియని గరుకుదనం కవరులోంచి బాగా తెలుస్తుంది. మరక చోట గరుగ్గానో అంటుకుంటున్నట్టుగానో ఉంటే మరక పైనే ఉంది, అది వచ్చేస్తుంది. నున్నగా ఉండి రంగు మాత్రమే తేడాగా ఉంటే మరక పొర లోపలికి ఇంకింది, కొంత రావచ్చు, కొంత రాకపోవచ్చు. ముడతలు, బొబ్బలు, పగుళ్ళు కనిపిస్తే రంగే చెడింది. ఇక ఏ పాలిషూ దాన్ని బాగుచేయదు.

చూడ్డానికి అలాగే ఉన్నా, పైనుంచి ఒలికిన పెట్రోలు వల్ల రాని మరకలు కొన్నుంటాయి. డెల్టాలో మొట్టమొదట అనుమానించాల్సింది బోరు నీళ్ళని. అంతర్వేది, సఖినేటిపల్లి లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలా చోట్ల భూగర్భ జలం ఉప్పగానే ఉంటుంది. ఆ నీటితో బండి కడిగి ఎండలో ఆరబెడితే తెల్లటి చుక్కలు, చారలు పడతాయి. వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి గుడ్డతో అద్దితే సున్నపు చుక్కలు కరిగిపోతాయి, పెట్రోలు జిగురు కరగదు. కరిగితే వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి. వీలైతే చివరి బకెట్టు కాలువ నీళ్ళో, కుళాయి మంచినీళ్ళో వాడటం మంచిది.

రెండోది బ్రేకు ఆయిల్. డిస్కు బ్రేకు ఉన్న బళ్ళకి ఆ డబ్బా హ్యాండిల్ మీద, దాదాపు ట్యాంకుకి పైనే ఉంటుంది. డాట్-3, డాట్-4 బ్రేకు ఆయిల్ గ్లైకాల్ జాతిది. అది రంగుని పెట్రోలు కన్నా వేగంగా పాడుచేస్తుంది. ట్యాంకు ముందు భాగంలో, హ్యాండిల్ తిరిగే వైపు బొబ్బలు కనిపిస్తే మూత దగ్గర వెతక్కండి, బ్రేకు డబ్బా దగ్గర వెతకండి. ఒలికిన క్షణంలోనే నీళ్ళు బాగా పోసేస్తే చాలావరకు బయటపడొచ్చు, ఎందుకంటే అది నీళ్ళలో కలుస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ట్యాంకు కింది అతుకు దగ్గరో, పెట్రోలు కాక్ దగ్గరో గోధుమ రంగు మరక ఉండి, తుడిచిన రెండు రోజులకి మళ్ళీ వస్తుంటే, పైనుంచి ఒలికింది కాదు. లోపల తుప్పు పట్టి సూదిమొన బెజ్జం పడి పెట్రోలు చెమరుస్తోంది. 2022 జులై వరదలో లంక ఊళ్ళలో మునిగిన బళ్ళకీ, నరసాపురం–సఖినేటిపల్లి పంటు మీద రోజూ ఉప్పుగాలిలో రేవు దాటే బళ్ళకీ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోతాదు మించితే ఆ రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, అక్కడే తుప్పు మొదలవుతుంది. ఇలాంటి ట్యాంకుకి పైన పాలిష్ పెట్టడం డబ్బు దండగ. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ట్యాంకు ఖాళీ చేశాం కదా అని వెల్డింగుకి ఇవ్వకండి. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం వరకు పెట్రోలు ఆవిరి ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. ఆవిరి పూర్తిగా పోగొట్టే పద్ధతి తెలిసిన చోటే ఆ పని చేయించాలి.

సరే, రంగు గట్టిదే, మరక పైపొరదే అని తేలిందనుకుందాం. అప్పుడు పని తేలిక. అయినా ఆత్రం వద్దు. పెట్రోలు నిన్ననో మొన్ననో ఒలికినదైతే రెండు మూడు రోజులు నీడలో వదిలేయండి. ఇంకిన ద్రావకం ఆవిరైపోయి, మెత్తబడ్డ క్లియర్ కోటు మళ్ళీ గట్టిపడుతుంది. మబ్బులో సగం అలాగే తగ్గిపోవచ్చు. మెత్తగా ఉన్నప్పుడు రుద్దితే గీతలు లోతుగా పడతాయి. ఆ తర్వాత ఇంజను పూర్తిగా చల్లారాక, పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడే చోట పని పెట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. పక్కన ఎవరూ బీడీ, సిగరెట్ ముట్టించకూడదు.

మొదట కారు షాంపూతో కడగాలి. గిన్నెలు తోమే ద్రావణం వాడితే పాత వ్యాక్స్ పోవచ్చు, అది గుర్తు పెట్టుకుని చివర్లో మళ్ళీ వ్యాక్స్ వేయాలి. మరక ఇంకా ఉంటే రంగుల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ గానీ, కార్లకి వాడే తారు రిమూవర్ గానీ మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డకి కొంచెం తగిలించి మరక మీద ఒక అర నిమిషం అద్ది ఉంచండి. పెట్రోలు జిగురు తన జాతి ద్రావకంలోనే కరుగుతుంది, నీళ్ళకి కరగదు. ఆ పైన ఒకే దిశలో మెల్లగా తుడవాలి. గుడ్డ మీద పసుపు వస్తే మంచి గుర్తు, గుడ్డ మడత మార్చుతూ పసుపు రావడం ఆగేదాకా అదే పని చేయండి. ట్యాంకు రంగే గుడ్డ మీదకు వస్తే మాత్రం అక్కడికక్కడ ఆపేయండి. కిరోసిన్ సలహాలో ఉన్న నిజం ఇంతవరకే. అది కూడా జిగురుని కరిగిస్తుంది గానీ, వెనక తన జిడ్డు వదిలిపోతుంది కాబట్టి షాంపూతో మళ్ళీ రెండుసార్లు కడగాలి. థిన్నర్‌లో టోల్యూన్, ఎస్టర్లు, కీటోన్లు ఉంటాయి. పరీక్షకి ఒక చుక్క సరే, మరకకి అది మందు కాదు. టూత్‌పేస్టులో ఉన్న గరుకు పళ్ళ కోసం చేసింది, 40 మైక్రాన్ల క్లియర్ కోటు కోసం కాదు.

జిగురు పోయాక కూడా మబ్బు మిగిలితే అప్పుడు పాలిష్ వంతు. కాంపౌండ్ కాదు, ముందు ఫైన్ పాలిష్. అరచేతంత మేర, నొక్కకుండా, తడి ఆరకముందే తుడిచేస్తూ చూడండి. దానికీ తగ్గకపోతేనే కాంపౌండ్, అదీ ట్యాంకు అంచుల జోలికి వెళ్ళకుండా. అంచుల దగ్గర రంగు అన్నిటికన్నా పల్చగా ఉంటుంది, తెల్ల ప్రైమర్ బయటపడేది ఎప్పుడూ అక్కడే. 2000, 3000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) పట్టాల్సిన పరిస్థితి వస్తే చెయ్యి తిరిగిన పెయింటర్‌కి అప్పగించండి. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని) ట్యాంకు అయితే ఈ పేరా మొత్తం మీకు వర్తించదు. మ్యాట్ మీద పాలిష్ పడితే ఆ చోట మెరుపు వచ్చి కొత్త మరక తయారవుతుంది, దాన్ని వెనక్కి తీసుకురాలేం. మ్యాట్‌కి షాంపూ, అద్దుడు, అంతే.

తెల్ల ట్యాంకు మీద లోపలికి ఇంకిన పసుపు పూర్తిగా పోకపోవచ్చు. అక్కడ ఒప్పుకుని వ్యాక్స్ వేసి వదిలేయడమే మేలు, దాని వెంటపడి క్లియర్ కోటు అరగదీయకండి.

ఇప్పుడు రెక్సిన్ ట్యాంకు కవరు గురించి చెప్పాలి. కొత్త బండి కొనగానే రంగు పాడవకుండా కవరు తొడిగించడం మన దగ్గర ఆనవాయితీ. అది తొడిగించేది ప్రేమతోనే, అందులో సందేహం లేదు. కానీ మూత పక్కన ఒలికిన పెట్రోలు బయట ఉంటే నిమిషాల్లో ఆరిపోయేది, కవరు కిందకి జారితే రోజుల తరబడి అక్కడే ఉంటుంది. దుమ్ము, చెమట, వాన నీరు, ఉప్పు గాలి దానికి తోడు. దానికి తోడు రెక్సిన్‌ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్లు పెట్రోలు తగిలి బయటికొచ్చి రంగులోకి దిగుతాయి. కవరు తీసిన రోజున దాని కుట్ల అచ్చు ట్యాంకు మీద ముద్ర వేసినట్టు కనిపిస్తుంది. ఆ అచ్చు చాలా సార్లు పోదు. రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు ట్యాంకు మీద పెట్టుకుని తిరిగే భీమవరం వైపు రైతుకి కవరు అవసరమే. అలాంటప్పుడు కనీసం పది పదిహేను రోజులకోసారి విప్పి, కడిగి, రెండు వైపులా ఆరబెట్టి తొడగాలి. ఆ అవసరం లేనివాళ్ళు తీసేయండి. ట్యాంకు ప్యాడ్ స్టిక్కర్లకీ ఇదే ఇబ్బంది, పెట్రోలు వాటి అంచుల కింద జిగురుని కరిగించి నల్ల గీత వదులుతుంది. పైన చెప్పిన టర్పెంటైన్‌తోనే అది పోతుంది.

మరక మళ్ళీ పడకుండా చూసుకోవడంలో చాలామంది పట్టించుకోని సంగతి వేడి. పెట్రోలు లీటరుకి, ఒక డిగ్రీ పెరిగితే, దాదాపు ఒక మిల్లీలీటరు వ్యాకోచిస్తుంది. బంకు భూమిలోపలి ట్యాంకులోంచి చల్లగా వచ్చిన 10 లీటర్లు మే నెల ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే దగ్గరదగ్గర 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు పెట్రోలు, అదనంగా చోటు అడుగుతుంది. మూత అంచు దాకా నింపించి సైడు స్టాండు వేసి ఎండలో పెట్టిన బండి ఆ గ్లాసుని ఎక్కడికి పంపుతుంది? మూత వాషర్ సందులోంచి రంగు మీదకి, లేదా కొత్త బళ్ళలో ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి. రెండూ మంచివి కావు. ఆటో కట్ పడగానే, అంటే నాజిల్ తనంతట తాను ఆగిపోగానే, "చాలండి" అనేయాలి, చిల్లర సరిపెట్టడానికి ఇంకో నాలుగు చుక్కలు కొట్టించుకోకూడదు.

మూత చుట్టూ ఉన్న గుంటలో చిన్న బెజ్జం ఒకటుంటుంది. ఒలికిన పెట్రోలుని, వాన నీటిని గొట్టం ద్వారా కిందకి వదిలేది అదే. దుమ్ముతో అది పూడుకుపోతే ఆ గుంట నిండి పైకి పొర్లుతుంది, వర్షాకాలంలో నీళ్ళు ట్యాంకులోకే దిగుతాయి. సన్నటి తీగతో మెల్లగా శుభ్రం చేసుకోవచ్చు. మూత రబ్బరు వాషర్ గట్టిపడినా, పగిలినా మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు.

రంగే చెడి మళ్ళీ వేయించక తప్పదనుకుంటే పెయింటర్‌ని ముందు అడగాల్సింది రేటు కాదు, హార్డ్‌నర్ కలుపుతారా లేదా అని. కలిపే పాళ్ళు డబ్బా మీద ముద్రించి ఉంటాయి, ఆ డబ్బా చూపించమని మర్యాదగా అడగండి, మంచి పనివాడు సంతోషంగా చూపిస్తాడు. మూత చుట్టూ లప్పం మందంగా పెట్టనివ్వకండి, పెట్రోలు దాని అంచులోంచే దూరి రంగుని లేపుతుంది. హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఉబ్బసం తెస్తాయి. మన షెడ్డుల్లో చాలామంది మూతికి కర్చీఫు కట్టుకునే స్ప్రే కొడతారు, అది అస్సలు చాలదు. సరైన ఫిల్టర్ మాస్కు కొనివ్వగలిగితే ఆ ఖర్చు బండి గలవాళ్ళు భరించినా తప్పులేదు. వాన లేని, పొడి గాలి ఉన్న రోజు చూసుకోమనండి. పని అయ్యాక ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది గానీ, మన వాతావరణంలో పూర్తిగా పండటానికి వారం రోజులైనా పడుతుంది. ఆ వారం ట్యాంకు మీద పెట్రోలు చుక్క పడనివ్వకండి. బండి తప్పనిసరిగా నడపాల్సి ఉంటే సగం ట్యాంకే పోయించుకుని, నాజిల్ పెట్టే ముందు మూత చుట్టూ పొడి గుడ్డ చుట్టండి.